నేల కింద హైడ్రోజన్: హాల్డేన్ స్మారకోపన్యాసం

జె.బి.ఎస్. హాల్డేన్ జన్యుశాస్త్ర కృషి, 1957లో భారతదేశానికి తరలిరావడం, 1964లో భువనేశ్వర్‌లో మరణించాక ఆయన కోరిక మేరకు దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరడం ఈ సభకు తెలిసినవే. ప్రస్తుతాంశం ఆయన 1923లో కేంబ్రిడ్జ్‌లో చదివిన ‘డెడలస్’ వ్యాసంలోని ఒక ఊహ. గాలిమరల విద్యుత్తుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను ద్రవీకరించి, బహుశా భూమిలో దించిన భారీ తొట్లలో దాచి, గాలి వీచని రోజుల్లో వాడుకోవచ్చునని ఆయన భావించాడు.

చరిత్ర ఆ దారిన నడవలేదు. హైడ్రోజన్ భూమిలోకి పెద్దయెత్తున మొదట వెళ్ళింది పట్టణ వాయువులో, అంటే బొగ్గు నుంచి తయారై ఐరోపా వంటిళ్ళకు గొట్టాల ద్వారా అందిన ఇంధనంలో, దాదాపు సగభాగంగా. పారిస్ సమీపంలోని బేన్‌లో 1956 నుంచి 1972 వరకు ఈ వాయువును జలధరంలోకి, అంటే రంధ్రాల నిండా నీరున్న శిలాపొరలోకి ఎక్కించి, నీటిని పక్కకు నెట్టి నిలవచేశారు. 1965లో నాటి చెకొస్లొవేకియాలోని లొబొడిత్సెలోనూ అదే పని మొదలైంది.

ఈ చరిత్రను 1972లో ఆరంభించే పండితులు ఉన్నారు. బ్రిటన్‌లోని టీస్సైడ్‌లో ఉప్పు గుహల్లో దాచినదే అసలైన హైడ్రోజన్ అనీ, సగం కలిసినది లెక్కకు రాదనీ వారి వాదం. శుద్ధత ఇంజనీరుకు ముఖ్యమే గాని, భూగర్భ సూక్ష్మజీవులకు ఆ పట్టింపు లేదు. లొబొడిత్సెలో ఏడు నెలల నిలవలో హైడ్రోజన్ 54 శాతం నుంచి 37 శాతానికి తగ్గగా, మీథేన్ 22 నుంచి 40 శాతానికి పెరిగినట్లు 1990లో చెకొస్లొవేకియా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. హైడ్రోజన్‌ను మీథేన్‌గా మార్చేది ఆ సూక్ష్మజీవులే: నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిస్తే మిగిలే వాయువు ఒక్క మీథేన్ అణువే, తక్కినది నీరు. కనుక ఎక్కడా లీకు లేకున్నా పీడనం పడిపోతుంది. దీనిని వట్టి లీకుగా కొట్టిపారేయడం తేలికే గాని, లీకైతే హైడ్రోజన్ తగ్గుదలకు కారణం దొరుకుతుందేమో, మీథేన్ పెరుగుదలకు దొరకదు. బేన్‌లో చెప్పుకోదగ్గ నష్టం నమోదు కాలేదన్న ఎదురువాదం నిజమే. అయితే అది ఒక పొర స్వభావాన్ని చెబుతుందే తప్ప, ఏ పొరకైనా పూచీ పడదు. ఈ పాఠం టీస్సైడ్ నేర్పగలిగినది కాదు.

ఆ టీస్సైడ్ సంగతి క్లుప్తంగా: ఉప్పు పొరలోకి బోరు దించి, నీటితో కరిగించి, ఉప్పునీటిని తోడేస్తే గుహ ఏర్పడుతుంది, అక్కడ ఒక్కొక్కటి సుమారు 70,000 ఘనపు మీటర్ల గుహలు మూడు ఉన్నాయి. టెక్సస్‌లో 1983 నుంచి తవ్వినవి ఇంకా పెద్దవే గాని, అవి చమురుశుద్ధి, రసాయన కర్మాగారాల అవసరాలకే కనుక వాటి వద్ద ఆగనక్కరలేదు.

సమయాభావం వలన ఇటీవలి దశ పేర్లతోనే సరి. అమెరికాలోని యూటాలో, డెల్టా పట్టణం వద్ద రెండు ఉప్పు గుహల్లో 30 కోట్ల యూనిట్ల (కిలోవాట్-గంటల) శక్తికి సరిసమానమైన హైడ్రోజన్‌ను నిలపాలని సంకల్పించారు. స్వీడన్‌లోని లూలియోలో ఉప్పు లేదు. అక్కడ గట్టిరాతిలో తొలిచిన గుహకు ఉక్కు తొడుగు వేసి, 100 ఘనపు మీటర్ల పరిమాణంలో 2022లో పరీక్ష ఆరంభించారు. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే శిలాగుహలకు అలాంటి తొడుగు లేదు, చుట్టూ ఉన్న భూగర్భజలపు ఒత్తిడే చమురును కదలనివ్వదు. అధిక పీడనపు హైడ్రోజన్‌కు ఆ ఒత్తిడి చాలదు గనుక, ఆ తీరపు రాతిలో దానిని దాచదలిస్తే పరిశీలించవలసినది లూలియో ఉక్కు తొడుగునే.