తప్పు నొక్కితేనే నవ్వు: మంకీ ఐలండ్ కామెడీ వెనక కథ

ఈ రోజు కామెడీ గురించి మాట్లాడుకుందాం. సినిమా కామెడీ కాదండీ, గేముల్లో కామెడీ. అందులోనూ పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేములు.

ఇవి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. తెరమీద ఒక చోటు, అందులో ఒక హీరో. మీరు ఎక్కడ నొక్కితే అక్కడికి నడుస్తాడు. తెరువు, తీసుకో, తొయ్యి, మాట్లాడు, ఇలాంటి పనులు కింద రాసి ఉంటాయి. ఒక పని నొక్కాలి, ఒక వస్తువు నొక్కాలి. బుర్ర పెట్టి చిక్కుముడి విప్పాలి, అంతే.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఇలాంటి గేములో మనం పది పనులు చేస్తే తొమ్మిది తప్పే అవుతాయి. ప్రతిసారీ "అది కుదరదు" అని వస్తుంటే పావుగంటలో విసుగొచ్చి మూసేస్తాం కదా? అందుకే మంచి రచయితలు ఆ "కుదరదు" అనే చోటే జోకు పెట్టారు. తప్పు చేసినా ఏదో ఒకటి దొరుకుతుంది. అంటే ఈ గేముల్లో కామెడీ పైపూత కాదు, బండిని నడిపించే ఇంజనే అది.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్ళది. రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ కలిసి చేశారు. హీరో పేరు గయ్‌బ్రష్ త్రీప్‌వుడ్. సముద్రపు దొంగ అవ్వాలని కోరిక. కండలు లేవు, కత్తి రాదు. ఉన్న ఒకే ఒక్క గొప్ప: పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలడు.

మొదట్లో వింటే ఇదేదో ఉత్త గొప్ప అనుకుంటాం. కానీ తర్వాత అతన్ని ఒక బరువైన విగ్రహానికి కట్టేసి సముద్రంలో పడేస్తారు. చుట్టూ పదునైన వస్తువులు బోలెడు. ఒక్కటీ అందదు. మనం తెగ ఆలోచిస్తాం. సమాధానం ఏంటో తెలుసా? ఆ విగ్రహాన్నే తీసుకుని నడిచి పైకి వచ్చేయడం! సరే, నిజంగానే పది నిమిషాలు అలాగే వదిలేస్తే? గయ్‌బ్రష్ చచ్చిపోతాడు. అప్పుడు కింద ఉన్న పనులన్నీ మారిపోతాయి. తేలు, ఉబ్బు, కుళ్ళు, హింట్ల పుస్తకం ఆర్డర్ చెయ్యి! చావుని కూడా జోకు చేశారన్నమాట.

దీని వెనక ఒక కోపం ఉంది. ఆ రోజుల్లో సియెర్రా కంపెనీ గేముల్లో అడుగు తప్పితే చావే. ఒక పెట్టె తెరుచుకుని, మళ్ళీ మొదలెట్టమంటుంది. ఆటగాణ్ణి ఊరికే చంపడం తప్పని గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసం రాశారు. అందుకే మంకీ ఐలండ్‌లో గయ్‌బ్రష్ కొండ అంచు నుంచి పడగానే అచ్చం అలాంటి పెట్టే వస్తుంది. మన గుండె జారుతుంది. అంతలో అతను ఎగిరి మళ్ళీ పైన పడతాడు. కింద రబ్బరు చెట్టు ఉందట!

ఇక కత్తి యుద్ధం. మన కాంతారావు గారి జానపద సినిమాలు గుర్తు తెచ్చుకోండి. కత్తి తిప్పుతూనే మాటలు విసురుకుంటారు కదా? ఇక్కడ ఆ మాటలే యుద్ధం. అవతలివాడు తిట్టు విసిరితే దానికి సరైన కౌంటర్ వెయ్యాలి. కౌంటర్ రాకపోతే ఓటమే. కానీ ఓడిన ప్రతిసారీ వాడి తిట్టు మనకి వచ్చేస్తుంది. దాన్ని ఇంకొకడి మీద వాడి, వాడిచ్చే జవాబు నేర్చుకుంటాం. చివర్లో కత్తి గురువు కార్లా ఎదురవుతుంది. ఆవిడ తిట్లన్నీ కొత్తవి! పాత జవాబులే వాటికీ అతకాలి. బట్టీ పట్టినవాడు అక్కడ దొరికిపోతాడు, జోకు అర్థమైనవాడు గెలుస్తాడు.

ఇప్పుడు మన ఫోన్‌లో చాలా గేములు చూడండి. ఓడిపోతే యాడ్ చూడమంటాయి, ప్రాణాలు కొనుక్కోమంటాయి. ఇక్కడేమో ఓడిపోతే చేతికి ఒక కొత్త మాట వస్తుంది. రెండింటికీ ఎంత తేడా!

అలాగని అన్నీ భేష్ అనను. 1991లో వచ్చిన రెండో భాగంలో ఒక పంపు తిప్పాలి. దానికి ఒక కోతిని పానాలాగా వాడాలి. ఎందుకంటే అమెరికాలో ఒకరకం పానాని 'మంకీ రెంచ్' అంటారు. మనం పానా అంటాం, స్పానర్ అంటాం. మనకి ఆ కోతి ఎలా తడుతుంది చెప్పండి? జోకు అర్థం కాకపోతే నవ్వు పోవాలి కానీ దారి మూసుకుపోకూడదు. మీలో ఎవరైనా తెలుగులో గేమ్ చెయ్యాలనుకుంటే ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. మన గోదారి వెటకారం, తెలంగాణ యాస పంచులు ఎన్నైనా పెట్టండి. తాళంచెవి మాత్రం వాటిలో దాచకండి.

ఆడి చూడాలనుందా? స్కమ్‌వీఎమ్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో 1994 నాటి 'బినీత్ ఎ స్టీల్ స్కై' ఆడొచ్చు. దాన్ని తయారుచేసినవాళ్ళే ఉచితంగా ఇచ్చేశారు, పైరసీ గొడవ లేదు. అందులో జోయీ అనే రోబో సణుగుడు వింటే మీకే తెలుస్తుంది. ఆడేటప్పుడు ఒక పని చెయ్యండి: సమాధానం తెలిసినా ముందు నాలుగు తప్పు పనులు చేసి చూడండి. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ!