మంత్రాక్షరం మండపమంతా వినబడాలి

(ప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అరకు లోయలోని మన ఆలయ జీర్ణోద్ధరణకు మీరు ధనము, ధాన్యము, శ్రమ ధారపోశారు. ముఖమండపానికి నున్నని గ్రానైటు పలకలు అమరాయి. కన్నులకు పండుగే. అయితే చెవుల మాట ఒకటి మనవి చేయడం నా విధి.

పురుషసూక్త పారాయణ నాడు నేను వెనుక వరుసలో కూర్చున్నాను. కొండపల్లెల నుండి నడిచి వచ్చిన తల్లులు నా పక్కనే ఉన్నారు. నాదం వినబడింది గాని అక్షరం తెలియలేదు. మైకు పెంచిన కొద్దీ గందరగోళమే పెరిగింది. "పంతులుగారు ఏం చెబుతున్నారు బాబూ?" అని ఒక ముసలమ్మ అడిగింది. నేను చెప్పలేకపోయాను.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. నున్నని గోడ దానిని అద్దంవలె తిప్పికొడుతుంది. అది సెకనులో ఇరవయ్యో వంతు కంటె ఆలస్యంగా, బలంగా తిరిగి వస్తే, ముందు పలికిన అక్షరం తరువాతి అక్షరాన్ని కప్పివేస్తుంది.

బొర్రా గుహలలోని శివలింగాన్ని మనలో చాలామంది దర్శించారు. ఆ సున్నపురాతి గోడలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. సింహాచలంలో 96 స్తంభాల కల్యాణ మండపం శిల్పమయం. అటువంటి తలాలపై పడిన శబ్దం ఒకే దిక్కుకు మళ్ళక నలుదిక్కులకూ చెదురుతుంది.

ఈ ఎగుడుదిగుడులకు లెక్క కట్టినవారు జర్మనీలో జన్మించిన శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. 1970ల దశకంలో ఆయన గణితంలోని వర్గశేషాలను గోడకు అన్వయించారు. 0 నుండి 6 వరకు ఒక్కొక్క అంకెను వర్గం చేసి 7తో భాగిస్తే మిగిలే శేషాలు 0, 1, 4, 2, 2, 4, 1. చెక్క ఫలకంలో గాడుల లోతు ఇదే నిష్పత్తిలో ఉండాలి. 500 హెర్ట్జ్‌ను ఆధారంగా తీసుకుంటే లోతులు వరుసగా సుమారు 0, 5, 20, 10, 10, 20, 5 సెంటీమీటర్లు. ఒక్కొక్క గాడి వెడల్పు 5 సెంటీమీటర్లు. గాడికీ గాడికీ నడుమ పలుచని, గట్టి పలక నిలపాలి. దీనినే డిఫ్యూజర్ అంటారు. మన కాఫీ తోటలలో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కలపను బాగా ఎండబెట్టి, సందులు లేకుండా బిగించి, పాలిష్ వేసి వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక. డిఫ్యూజర్ శబ్దాన్ని చెదరగొడుతుందే గాని మింగదు. మండపంలో నిలిచిపోయే ప్రతినాదాన్ని తగ్గించేవి వస్త్రాలు, తివాచీలు, జనసమూహం. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాల దోషాన్ని సవరించబూనిన వాలెస్ సబీన్, కుర్చీ మెత్తలను చేర్చుతూ, తీస్తూ ఈ సంగతి పరిశోధించారు. కనుక మనకు రెండూ కావాలి.

గర్భాలయాన్ని తాకనక్కరలేదు. స్థపతిగారిని, అర్చకస్వాములను సంప్రదించి, వేదికకు ఎదురుగా ఉన్న వెనుక గోడకు ఈ ఫలకాలు అమర్చితే చాలు.

దాతలారా! మరొక గ్రానైటు పలకకు ఇవ్వదలచిన ద్రవ్యాన్ని ఆ గోడకు ఇవ్వండి. సంకల్పంలో అర్చకస్వామి పలికిన తన పేరును ఆ ముసలమ్మ వెనుక వరుసలో కూర్చుని స్పష్టంగా వినాలి. అదే నా ప్రార్థన.

స్వస్తి.