వెనక సీటుకూ బెల్టు ఉంది
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారి అనుమతితో నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను.

2023 సంక్రాంతికి మా అబ్బాయి కారులో హైదరాబాదు నుంచి ఊరికి బయలుదేరాం. అబ్బాయి నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక మా ఆవిడ. జరిమానా భయంతో నేను బెల్టు పెట్టుకున్నాను. ఆవిడ కూడా పెట్టుకోబోతే, "వెనకవాళ్ళకెందుకే, చీర నలుగుతుంది" అన్నది నేనే. సూర్యాపేట దాటాక ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. వెళ్ళి గుద్దుకున్నాం. ముందున్న ఇద్దరికీ గాలి సంచులు తెరుచుకున్నాయి. అబ్బాయికి గీతలు పడ్డాయంతే. నాకు భుజం నుంచి నడుము దాకా బెల్టు పడినచోట కమిలిపోయి, ఒక పక్కటెముక చిట్లింది. మా ఆవిడ వచ్చి నా సీటుకు కొట్టుకుంది. తొడ ఎముక విరిగింది. అదిగో, రెండో వరుసలో చేతికర్రతో కూర్చుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 138వ నియమం చూడండి. వెనక సీటువారూ బెల్టు పెట్టుకోవాలని ఉంది. ముప్ఫై అయిదేళ్ళు రూల్సు చదివి జీతం తీసుకున్నవాణ్ణి, ఆ ఒక్క రూలూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు చదివాను.

కారు ఆగినా మన ఒళ్ళు ఆగదు, అదే వేగంతో ముందుకు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గుద్దుకోవడమంటే సుమారు నాలుగంతస్తుల మేడ మీదినుంచి పడడంతో సమానం. బెల్టు ఆ దెబ్బను తుంటి ఎముకలకూ ఛాతీకీ పంచుతుంది. అందుకే నడుము పట్టీ పొట్ట మీద కాక, కింద తుంటి ఎముకల మీద ఉండాలి. పొట్ట మీద ఉంటే పేగులకు దెబ్బ. మన వయసులో ఎముకలు పెళుసు, బెల్టు వల్ల పక్కటెముక చిట్లవచ్చు. నాది నెలన్నరలో అతుక్కుంది.

గాలి సంచి ఉందిగా, బెల్టెందుకు అనేవారున్నారు. దానిమీద ఎస్.ఆర్.ఎస్. అని ఉంటుంది. అందులో మొదటి అక్షరానికి సప్లిమెంటల్ అని అర్థం, అంటే అనుబంధం. అసలు ఫైలు లేకుండా అనుబంధం ఒక్కటీ పంపితే పై ఆఫీసరు ఏం చేస్తాడో మీకు తెలుసు. రెప్పపాటులో పేలినట్టు ఉబ్బే సంచి అది. బెల్టు లేనివాడు ముందుకు తూలి, ఉబ్బుతున్న సంచికే మొహం అప్పగిస్తాడు. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునే తాతలు దయచేసి వెనక్కి మారండి. నడిపేవారు స్టీరింగుకు కనీసం 10 అంగుళాల దూరం ఉంచుకోండి.

బెల్టు పెట్టుకుంటే ముందువారికి ప్రాణాపాయం 45 నుంచి 50 శాతం, వెనకవారికి 25 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండా. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు.

చీర మాట మా ఆవిడ ఇంతవరకు ఎత్తలేదు. ఇవాళ మాత్రం కారెక్కగానే తన బెల్టు పెట్టుకుని, నాది సరిగ్గా పడిందో లేదో వెనకనుంచి లాగి చూసింది.

బకాయిల సంగతి తరువాతి వక్త చెబుతారు. సెలవు.