వ్యాధిగ్రస్తుడును దాతయే



ఆరోగ్యమును భాస్కరుని నుండి కోరవలెనని పెద్దలు చెప్పిరి. అందుచేతనే వ్యాధిపీడితులు అరసవల్లి శ్రీ సూర్యనారాయణస్వామి సన్నిధికి వచ్చి మ్రొక్కుకొనుచుందురు. అయితే తీరని రోగముతో నున్నవారి మాట యేమి? "నాది రోగిష్టి శరీరము, ఎవరికిని అక్కరకు రాదు" అని కుమిలిపోవువారు మనలో ఎందరో కలరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానమున, మూలకారణము నేటికిని పూర్తిగా తేలని మూత్రపిండ వ్యాధి ఎన్ని యిండ్లను కుంగదీసినదో మీరెరుగుదురు. నేటి నా మాట ముఖ్యముగా అట్టివారి కొరకే.

హైదరాబాదున కొలవెన్ను వెంకటేశ్ అను యువకుడుండెను. చదరంగమున నేర్పరి. డ్యూషేన్ మస్కులర్ డిస్ట్రఫీ అను అరుదైన వ్యాధి బాల్యము నుండి ఆతని కండరములను క్షీణింపజేసినది. 2004 డిసెంబరులో, 25 ఏండ్ల ప్రాయమున, శ్వాసయంత్రము ఆధారముగా బ్రతుకుచు, తన అవయవములు చెడకముందే వానిని ఇతరులకు ఈయవలెనని కోరెను. తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించెను. న్యాయస్థానము అంగీకరింపలేదు. మెదడు మృతి చెందినదని వైద్యులు నిర్ధారింపనిదే ప్రాణాధారమైన అవయవములను తీయుటకు చట్టము సమ్మతింపదు. కొద్ది దినములకే ఆతడు కన్నుమూసెను. ఆతని నేత్రములు దానమయ్యెను.

ఇందు మనము గ్రహింపవలసిన ధర్మములు రెండు కలవు.

మొదటిది, దానము కొరకైనను మరణమును త్వరపెట్టరాదు. దధీచి మహర్షి తన యెముకల నీయలేదా యని అడుగవచ్చును. ఆయన యోగశక్తిచే తానుగా దేహమును విడిచెను. వైద్యుడన్ననో రోగి ప్రాణమును కాపాడుటకు కట్టుబడినవాడు. ఆ తల్లి వేదనను ఎవరును తప్పుపట్టలేరు. అయినను న్యాయస్థానము నిలిపిన హద్దు ధర్మసమ్మతమే. ఆ హద్దు లేనిచో దిక్కులేని రోగికి రక్షణ యెక్కడిది?

రెండవది, కండరములను హరించిన రోగము ఆతని కన్నులను హరింపలేదు. ఒక అవయవము చెడినంతమాత్రమున దేహమంతయు వ్యర్థమని తలపరాదు. కండ్లజోడు పెట్టుకొనువారు, మధుమేహము, రక్తపోటు కలవారు, శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు సైతము నేత్రదానము చేయవచ్చును. మూత్రపిండ వ్యాధి కూడ దానంతట అది అడ్డు కాదు. ఎయిడ్స్, కామెర్ల వైరస్, కుక్కకాటు వలన వచ్చు రేబిస్ వంటి అంటురోగములున్నచో స్వీకరింపరు. ఏది పనికివచ్చునో తేల్చవలసినవారు వైద్యులు, మనము కాదు.

ఇక ఒక సందేహము. కన్నులు తీసి దహనము చేసినచో మరుజన్మమున గ్రుడ్డివారమగుదుమా? దహన సమయమున పఠించు ఋగ్వేద మంత్రమునందు మృతుని చక్షువు సూర్యుని చేరుగాక యని యున్నది కదా, ఆ కన్ను లేనిచో సూర్యుని చేరునదేది? శాస్త్రము గోళకము వేరు, ఇంద్రియము వేరు అని స్పష్టముగా చెప్పుచున్నది. కంటికి కనబడు మాంసమయమైన భాగము గోళకము. చూచు శక్తి ఇంద్రియము. అది సూక్ష్మశరీరమునకు చెందినది. సూర్యుని చేరునది ఆ శక్తియే. గోళకము చితిలో బూడిదయగునదే. బూడిదయగు దానిని ఒక అంధునకిచ్చి సూర్యదర్శనము చేయించినచో ఆ మంత్రమునకు లోపమెట్లు కలుగును?

నేత్రదానమునకు ఆసుపత్రిలోనే మరణింపవలెనను నియమము లేదు. ఇంటివద్ద సహజముగా మరణించినను, ఆరు గంటలలోపల నేత్రనిధివారికి తెలుపవలెను. వారు వచ్చువరకు ఫంకా ఆపి, రెప్పలు మూసి, వానిపై తడి దూదిని ఉంచి, తల క్రింద దిండు పెట్టవలెను. ముఖము వికృతము కాదు, అంత్యక్రియలకు ఆటంకము కలుగదు. మూత్రపిండములు, కాలేయము మొదలైన వాని దానము జీవన్‌దాన్ పథకము ద్వారా జరుగును. దానికి ముందు వైద్యమండలి ఆరు గంటల వ్యవధితో రెండు పర్యాయములు పరీక్షించి మెదడు మృతిని ధ్రువీకరింపవలెను.

అయితే పోయినవాని కోరిక యెంత గొప్పదైనను, ఆ దుఃఖ సమయమున సరే యనవలసినవారు ఇంటివారే. కావున నేడే మీ ఆలుబిడ్డలను కూర్చుండబెట్టుకొని మీ మనసులోని మాట చెప్పుడు. రోగముతో మంచము పట్టినవారు మీ యింట నున్నచో, "నీవును ఈయగలవు" అని వారికి చెప్పుడు. ఆ మాట వారికి ఔషధము వంటిది.

ప్రత్యక్షదైవమగు శ్రీ సూర్యనారాయణస్వామి మీకు ఆయురారోగ్యములను, దానబుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.