ఆఫీసు నోటు, కాలేజీ జవాబు
(మన సంఘం మూడు శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బకాయిల మీద, ఆరోగ్య కార్డుల మీద మాట్లాడవలసినవారు మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాలు కాలేజీ పిల్లల చదువుకు వాడుకుంటాను.

డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అది మంచిదా, చెడ్డదా అనే వాదనలోకి నేను పోను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తర్వాత పాఠ్యపుస్తకాలు తెలుగులో వచ్చాయి. మన పిల్లలెందరో వాటితోనే గట్టెక్కారు. తెలుగులో చదివి వచ్చి ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్న పిల్లల సంగతే నేను చెప్పదలచినది.

ఏడాదిగా వారానికి రెండు సాయంత్రాలు ప్రొద్దుటూరులో కొందరు డిగ్రీ పిల్లలతో కూర్చుంటున్నాను. జమ్మలమడుగు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే బి.కాం. అమ్మాయి ఒకరోజు డిప్రిసియేషన్ గురించి అర పేజీ గడగడా అప్పజెప్పింది. గైడులోది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. "అంటే ఏందమ్మా?" అన్నాను. మాట్లాడలేదు. వాళ్ల నాయన నేతపని చేస్తాడు. "మీ మగ్గం అమ్మితే కొన్నప్పటి ధర వస్తుందా?" అని అడిగాను. "యాడొస్తాది సార్, అరిగిపోయింది గదా!" అంది. అదే డిప్రిసియేషన్, తరుగుదల అన్నాను. (ప్రొద్దుటూరులో తరుగు అనగానే బంగారు అంగళ్లు గుర్తొస్తాయి. అది వేరే తరుగు లెండి!) "అర్థమయింది సార్, రాసేదానికే రావడంలే" అంది. ముందు తెలుగులో రెండు వాక్యాలు రాయించి, తర్వాత వాటినే ఇంగ్లీషులో చిన్న చిన్న ముక్కలుగా రాయమన్నాను. అరగంట పట్టింది. తప్పులున్నాయి. కాని ఆ నాలుగు వాక్యాలు ఆ పిల్ల సొంతం.

కనుక లోపం ఇంగ్లీషు ఒక్కటే కాదు. చదివినదాన్ని తన మాటల్లో రాయడం వాళ్లకు అలవాటు కాలేదు. ఆ పని మనకు వచ్చు. టాటెన్‌హామ్ పద్ధతిలో ఫైళ్లు నడిపినవాళ్లం మనం. ఉత్తరంలో ఏమడిగారు, పాత ఫైలులో ఏముంది, రూలు ఏం చెబుతుంది, కనుక ఏం చేయవచ్చు - ఇంతేకదా నోటు అంటే! నూరు పేజీల కరెంట్ ఫైలును పేజీన్నరకు దించేవాళ్లం. మార్జిన్‌లో పేజీ నంబరు వేయకపోతే సూపరింటెండెంటుగారు ఫైలు వెనక్కి కొట్టేవారు. కాలేజీలో దీన్నే ఆధారాలు చూపడం అంటారు. డిపార్టుమెంటల్ పరీక్షలు గుర్తున్నాయా? పుస్తకాలు చూసి రాసే పేపర్లలో కూడా తప్పినవాళ్లు ఉన్నారు. పుస్తకం చేతిలో ఉండడం వేరు, విషయసూచిక పట్టుకుని కావలసిన రూలు దగ్గరికి పోవడం వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పుస్తకం చివర ఇండెక్సు ఉంటుందనే తెలియదు.

ఇంజనీరింగు చదువుతున్న పులివెందుల కుర్రవాడొకడు ప్రాజెక్టు రిపోర్టు తెచ్చాడు. ఇంగ్లీషు మన కలెక్టర్లు కూడా రాయనంత నున్నగా ఉంది. మూడో పేజీలో ఒక వాక్యానికి అర్థం చెప్పమన్నాను. "ఫోన్ రాసింది తాతా" అన్నాడు. కోప్పడలేదు. నువ్వేం చేశావు, ఏం కొలిచావు, ఎంత వచ్చింది, ఇవి ఫోనుకు తెలియవు కదా, అవి రాసుకురమ్మన్నాను. వారం తర్వాత రెండు పేజీలు తెచ్చాడు. గరుకుగానే ఉన్నాయి. ఏ వాక్యం అడిగినా చెప్పాడు. పులివెందుల ప్రాంతంవాడే రాచమల్లు రామచంద్రారెడ్డి. ఆయన 'అనువాద సమస్యలు' పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం వచ్చింది. రెండు భాషల మధ్య నలిగే ఈ పిల్లల చేతికి అటువంటి పుస్తకం ఒకసారి ఇవ్వాలని నా కోరిక.

పరీక్ష తప్పితే మగపిల్లవాడు మళ్లీ ఫీజు కడతాడు. ఆడపిల్లకైతే సంబంధం చూస్తారు. నాకు ఆదుర్దా అక్కడ.

1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన బ్రౌన్ దొర తెలుగును ఒంటరిగా సాధించలేదు. పండితులను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జీతాలిచ్చాడు కూడా. మన పిల్లల దగ్గర జీతాలు లేవు, మనకు పింఛను ఉంది. పాఠం చెప్పేది లెక్చరర్లే. మనం పక్కన కూర్చుని ఒక పేజీ చదివించి, నాలుగు వాక్యాలు రాయిస్తే చాలు. ఒక్క మనవి. పాత అలవాటు కొద్దీ ఎర్ర సిరాతో డ్రాఫ్టు అంతా కొట్టేసి మనమే రాసివ్వవద్దు. తప్పు కింద గీత గీసి, వాళ్లనే దిద్దుకోమనాలి.

మూడు శాఖల్లోనూ వారానికి రెండు సాయంత్రాలు ఒక గది, నలుగురు మనుషులు కావాలి. రిటైరైన పంతులమ్మలు వస్తే ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు. పల్లె బస్సులు తప్పిపోకుండా చీకటి పడకముందే వదిలేయాలి. కార్యదర్శిగారి బల్ల మీద పుస్తకం పెట్టించాను. భోజనానికి పోయే ముందు పేరు, వీలైన రోజు రాసి వెళ్లండి. వచ్చేటప్పుడు కళ్లద్దాలు మరిచిపోవద్దు. సెలవు.