చిక్కం ఎవరి మూతికి?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ అయ్యగారు పల్లె సంఘాల్లోనే పనిచేసి వెళ్ళిపోయారు. ఆయన త్యాగాన్ని పొగిడి కూర్చోవచ్చు, మీరూ సంతోషిస్తారు. కానీ ఇతరుల కోసం హక్కు వదులుకోమన్న మాటను మన సంఘాల్లో ఎవరు ఎవరికి చెబుతున్నారో అడగాలని వచ్చాను.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం తీయండి. కొరింథులో పౌలు ఏడాదిన్నర ఉన్నాడు. డెల్ఫీలో దొరికిన, గల్లియో అనే రోమా అధిపతి పేరున్న శాసనాన్ని బట్టి అది సుమారు క్రీ.శ. 50-52 నాటి మాట. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి వెళ్ళగొడితే వచ్చి చేరిన అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. తర్వాత రాసిన ఈ పత్రికలో, సంఘం తనను పోషించాల్సిందేనని ఎంత పట్టుగా వాదిస్తాడో చూడండి. సొంత ఖర్చుతో యుద్ధానికి పోయే సిపాయి ఉన్నాడా అంటాడు. తోట వేసి పండు ముట్టని రైతు ఉన్నాడా అంటాడు. కళ్ళంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దన్న ధర్మశాస్త్రాన్ని సాక్ష్యానికి తెస్తాడు. అపొస్తలుడు కేఫా భార్యను వెంటబెట్టుకుని తిరగ్గా లేంది, మాకు ఆ వీలు లేదా అని కూడా అడుగుతాడు. ఇంతా వాదించి, డిక్రీ చేతికొచ్చాక అమలు చేయించుకోనన్నాడు.

ఎందుకని? రోమా ప్రపంచంలో పెద్దింటివాడి సొమ్ము తిన్నవాడు ఆ పెద్దింటి మనిషి అయిపోయేవాడు. అలాగని పౌలు డబ్బే ముట్టలేదనుకోకండి. మాకెదోనియ సోదరులు తెచ్చింది పుచ్చుకున్నాడు, కొరింథువాళ్ళది మాత్రం వద్దన్నాడు. (జీతం పెంచమన్న అయ్యగారికి ఈ అధ్యాయం చదివి వినిపించే కమిటీ పెద్దలు దాని మొదటి సగం కూడా చదవాలి.)

అంతకు ముందు అధ్యాయంలో విగ్రహాలకు అర్పించిన మాంసం సంగతి ఉంది. జాతరలో కోసిన వేట మాంసం పక్కింటి నుంచి వస్తే తినొచ్చా అన్న తగువు మన ఊళ్ళలో ఇంకా తెగలేదు, కాబట్టి మనకది కొత్త కాదు. కొరింథు పేదవాడికి మాంసం దొరికేది పండుగకే. గుడి విందులకు పిలుపులందేది కలిగినవాళ్ళకని పండితులు చాలామంది అంటారు. మానుకోమని పౌలు చెప్పింది ఆ తినగలిగినవాడికే. బలహీనుణ్ణి పిలిచి సర్దుకుపొమ్మనలేదు.

మన దగ్గర ఇది తిరగబడింది. తాగొచ్చి కొట్టే మొగుడి ఇంటికే భార్యను తిరిగి పంపుతూ, సిలువ మోయమ్మా అంటాం. కూలి ఎగ్గొట్టిన ఆసామి మీద కూలివాడు కేసు పెడతానంటే ఇదే పత్రిక ఆరో అధ్యాయం చూపించి, విశ్వాసులు కోర్టుకెక్కకూడదంటాం. కానీ ఆనాటి న్యాయస్థానాల్లో హోదా ఉన్నవాడిదే పైచేయి. అదే అధ్యాయంలో, మీరే సోదరులకు అన్యాయం చేస్తున్నారని పౌలు మండిపడ్డాడు. ఆ మాట మన ప్రసంగాల్లోకి రాదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి, తెల్లారి గుట్టుగా వెళ్ళిపొమ్మంటే, నేను రోమా పౌరుణ్ణి, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అని హక్కు కోసం పట్టుబట్టి కూర్చున్నది కూడా ఈ పౌలే. లూదియ ఇంట్లో అప్పుడే మొలకెత్తిన సంఘానికి రేపు ఆ అధికారుల జోలి ఉండకూడదనే అలా కూర్చున్నాడని నా ఊహ.

మన దేశంలోనూ హక్కు వదులుకున్న పెద్ద ఘట్టం ఒకటి ఉంది. 1949 మే నెలలో రాజ్యాంగ సభ, మత అల్పసంఖ్యాకులకు చట్టసభల్లో కేటాయించదలచిన సీట్లను రద్దు చేసింది. ఆ సభ ఉపాధ్యక్షుడు, బెంగాలీ క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ ముందుండి దానికి ఒప్పుకున్నారు. మద్రాసు నుంచి వెళ్ళిన జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా సమర్థించారు. దేశ విభజన నెత్తురు ఆరని రోజుల్లో అది నిజంగా పెద్దమనసే, నేను శంకించను. ఆ సీట్లలో తాము కూర్చోగలిగినవాళ్ళు తమది వదులుకున్నారు.

మరుసటి ఏడాది, 1950లో, వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు సంగతి వేరు. అది ఎస్సీ హోదాను దాదాపుగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు బయటే ఉండిపోయాడు. తెలుగు రాష్ట్రాల్లో అతనికి దక్కింది బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్. ఈ హక్కును అతను వదులుకోలేదు, అసలు చేతికే రాలేదు. అందుకే మన పేటల్లో ఎందరికో బాప్తిస్మం పేరు ఒకటి, కుల సర్టిఫికెట్టులో పేరు ఇంకొకటి. ఆ రెండో పేరు పెట్టుకున్నందుకు కుర్రాణ్ణి ఆదివారం నాడు అందరి ముందు నిలబెట్టి, క్రీస్తు కోసం ఆ రిజర్వేషన్ ఉద్యోగం వదులుకోలేవా అని అడిగే అయ్యగారు మనలో ఉన్నారు. సంఘం తనకిచ్చే జీతానికి ఆయన ఏ సర్టిఫికెట్టూ చూపించనక్కర్లేదు.