పిల్లవాని ప్రశ్నకు ఇంట్లో చోటెక్కడ?

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు వస్తువుల వెంట పడుతున్నారనీ, ఆలోచన మీద వారికి శ్రద్ధ లేదనీ మనం తరచుగా అనుకుంటున్నాము. ఈ ఫిర్యాదును ముందు మన ఇళ్ల మీద పెట్టి పరిశీలించాలని మా మనవి. పదో తరగతి పాసైతే ఫోను, ఇంటర్‌లో చేరితే బైకు అని వాగ్దానం చేసేది మనమే. చుట్టాలు వస్తే కొత్త సోఫాను చూపించి మురిసేదీ మనమే. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోను చేసి "ఏం పంపమంటావు బేటా?" అని అడుగుతాడు. "ఈ వారం ఏం చదివావు?" అని అడగడం అరుదు. ఏళ్ల తరబడి బిడ్డకు దూరమైన మనిషికి ప్రేమ తెలుపుకోవడానికి మిగిలిన దారి అదొక్కటే కాబట్టి ఆయనను తప్పుపట్టలేము. కాని పిల్లవాడు ప్రేమను వస్తువు ధరతో కొలవడం అక్కడే నేర్చుకుంటాడు.

ఒక సంగతి ముందే స్పష్టం చేస్తాము. పేదవానికి వైరాగ్యం బోధించడం మా ఉద్దేశం కాదు. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అటువంటి పిల్లలకు చెప్పులు కావాలి, పుస్తకాలు కావాలి, కూర్చుని చదువుకోవడానికి కాస్త చోటు కావాలి. ఇవీ వస్తువులే. ఇస్లాం సన్యాసాన్ని కోరలేదు, ధర్మసమ్మతమైన సంపాదనను గౌరవించింది. మనం అడగవలసింది ఉన్నంతలో ఖర్చు ఎటు పోతున్నదని. కూతురి డిగ్రీ ఫీజు దగ్గర చేయి బిగబట్టి, ఆమె షాదీకి అప్పు చేసి వందలమందికి విందు పెట్టే ఇళ్లు మన బస్తీలలో ఎన్ని లేవు? బిర్యానీ బాగుందన్న మాట మర్నాటికి ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

దివ్య ఖుర్ఆన్ అవతరణ చదవమన్న ఆజ్ఞతో ఆరంభమైనదని మనందరికీ తెలుసు. బద్ర్ యుద్ధానంతరం, విమోచన ధనం చెల్లించుకోలేని ఖైదీలలో వ్రాయనేర్చినవారు మదీనా పిల్లలు పదేసి మందికి వ్రాత నేర్పి విడుదల పొందారని చరిత్రకారులు పేర్కొన్నారు. అప్పటి ముస్లింలు ధనవంతులు కారు. మక్కాలో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చినవారు వారిలో చాలామంది. ధనం అవసరం వారికి లేక కాదు. అయినా పిల్లల చదువును ధనానికి దీటైన మూల్యంగా ప్రవక్త (స) స్వీకరించారు. ఈ సంఘటనను జుమా ప్రసంగాలలో ఎన్నోమార్లు విన్నాము, విని ఇంటికి వెళ్లి ఫోను కొనిచ్చాము.

మరి ఇంట్లో ఏం చేయాలి? మా అనుభవంలో అన్నింటికన్నా మేలైనది జకాత్ లెక్క. రంజాన్‌లో దాన్ని పెద్దలం మనలో మనమే వేసుకుంటాము. పిల్లలు చూసేది గుమ్మం ముందు నోట్లు పంచడం మాత్రమే. ఆ లెక్కను ఈసారి పిల్లల ముందు పెట్టండి. అమ్మ దగ్గర బంగారం ఎంత, నాన్న దాచినది ఎంత, తీర్చవలసిన అప్పు ఎంత, నిసాబ్ అంటే ఏమిటి, ఆ సొమ్ముకు ఏడాది నిండిందా, నలభయ్యో వంతు ఎంత అవుతుంది? లక్ష రూపాయలకు 2,500. పన్నెండేళ్ల పిల్లవాడు చేయగల లెక్కే ఇది. చేస్తూ ఉండగా వానికి సందేహాలు పుడతాయి. కాపురముంటున్న ఇంటికి జకాత్ ఎందుకు లేదు, అమ్మకానికి ఉంచిన ప్లాటుకు ఎందుకు ఉంది? ధరించే నగల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఎందుకు వచ్చింది? ఇవ్వకముందు ఆ 2,500 ఎవరివి? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర తొందరపడి జవాబు చెప్పకండి, కొన్నాళ్లు వానినే ఆలోచించనివ్వండి. ఇంట్లోని సొమ్ములో ఇతరుల వాటా ఉన్నదని తానే కనుగొన్న పిల్లవాడు బైకును చూసే చూపు వేరుగా ఉంటుంది. నిసాబ్ లేని ఇళ్లు మనలో ఎక్కువే. జకాత్ పుచ్చుకునే ఇంట్లో బిడ్డకు అది భిక్ష అనిపించనీయకండి, పేదల హక్కు అని చెప్పండి.

హక్కు అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాము. హక్కు కంటికి కనిపించేది కాదు, అదీ ఒక ఆలోచనే. మైనారిటీలు తమ విద్యాసంస్థలను స్థాపించుకుని నడుపుకోవచ్చునని రాజ్యాంగంలోని 30వ అధికరణం చెబుతున్నది. చేతికి అందేవాటికే విలువ కట్టడం నేర్చిన పిల్లవాడు ఫోను పోతే ఏడుస్తాడు, హక్కు పోతే వానికి తెలియనైనా తెలియదు.

మౌలానా ఆజాద్ బడికి వెళ్లలేదు, ఇంటి వద్దనే చదివాడు. పెద్దల నుండి వచ్చిన నమ్మకాలను సైతం పరిశీలించి చూడాలని నిశ్చయించుకున్నందునే 'ఆజాద్' అన్న కలం పేరు పెట్టుకున్నాడు. ఆయన పండితుల ఇంట పుట్టాడు, మా ఇంట పుస్తకాలెక్కడివి అనవచ్చు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ సంగతి ఏమిటి? ఆయన బుర్రకథను తెలుగునాట ఊరూరా వినిపించాడు, 1986లో పద్మశ్రీ పొందాడు. ఆ ఇంట్లో ఏ ఆస్తి ఉన్నది?

మేము ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి పత్రికలు చదివిస్తున్నాము. ఒకనాడు బి.సి.-ఇ రిజర్వేషన్ వార్త వచ్చింది. 2007 చట్టం ప్రకారం ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు 4 శాతం కల్పించారనీ, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారు అందులో లేరనీ, వ్యవహారం న్యాయస్థానాలలో ఏళ్లుగా నలుగుతున్నదనీ వివరిస్తుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి లేచింది. "ఇస్లాంలో కులం లేదంటారు కదా. మరి మా సర్టిఫికెట్‌లో ఎందుకున్నది?" అని అడిగింది. అక్కడే ఉన్న ఒక పెద్దాయన "ఇటువంటివి అడగకూడదు, కూర్చో అమ్మా" అన్నారు. ఆయనకు నచ్చజెప్పి ఆ ప్రశ్ననే చర్చకు పెట్టాము. ధర్మం చెప్పే సమానత్వం ఒకటి, వృత్తులను బట్టి సమాజం వేసిన ముద్ర మరొకటి అని చెప్పాము. "అయితే మనవాళ్లే దూదేకులవారికి పిల్లను ఎందుకివ్వరు?" అని మళ్లీ అడిగింది. ఆ పూట మా దగ్గర సమాధానం లేదు. చర్చ మూడు ఆదివారాలు సాగింది. నోరు మూసుకొమ్మన్న పెద్దాయన మూడు వారాలూ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు.

ఈ ఆదివారం అస్ర్ నమాజ్ తరువాత మళ్లీ కూర్చుంటున్నాము. ఆడపిల్లలను కూడా పంపండి. తల్లులు వచ్చి వెనుక కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. మీ ఇంట్లో చదివేసిన పుస్తకాలుంటే పిల్లల చేతికిచ్చి పంపండి. నిసాబ్ లెక్క వేయడానికి తెల్ల కాగితాలు మేము తెస్తాము.

వస్సలామ్.